ఎం.వి. మామ కొలతదారం

ఇనుప గుండుకు ఇనుప గుండు తగిలినప్పుడు వచ్చే చప్పుడు ఇంకే చప్పుడులాగానూ ఉండదు. గంటలాగా మోగదు, రాయిలాగా మొద్దుగా పడదు. టక్కుమని ఒక్కసారి పొడిగా వినిపించి ఆగిపోతుంది. నిన్న సాయంత్రం పని ముగించుకుని పుదుచ్చేరి వైట్ టౌన్‌లో సైకిలు నడిపించుకుంటూ పోతుంటే, పసుపు గోడ అవతల మైదానంలోంచి ఆ చప్పుడు వినిపించింది. నా కుడిచెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయింది. జేబులో బారెడు నూలుదారం ఉంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, నేను చూసినప్పటి నుంచీ మాత్రం నల్లదే. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ లేత్ మిషను నూనె వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు నవ్వొస్తుంది. ఎందుకు నవ్వొస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. దాంతోపాటు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. అది నవ్వొచ్చే సంగతి కాదు.

నాలుగేళ్ల క్రితం నా నవల ఒకటి అచ్చయింది. పదిహేనేళ్ల కుర్రాడు తన నోటితో తాను చెప్పుకునే కథ. అతని తండ్రి ఒక వర్క్‌షాపులో లేత్ మిషను నడిపే టర్నరు. తండ్రి ఎంతో ఇష్టంగా చూసుకునే సంచి ఒకటి యజమాని తన దగ్గర ఉంచేసుకుని, జోరువానలో వచ్చి తీసుకుపొమ్మంటాడు. దాని కోసం సైకిలు మీద బయల్దేరిన తండ్రి లారీ కింద పడి చనిపోతాడు. ఆ దుఃఖం కుర్రాణ్ని మొండివాణ్ని చేస్తుంది, మూగవాణ్ని చేస్తుంది. యజమానిని ద్వేషిస్తూనే అతను పెద్దవాడవుతాడు. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. గుంటూరు నుంచి ఒక పాఠకుడు, “మీ కుర్రాడు ఇన్ని పేజీల్లో ఒక్కసారి కూడా నవ్వడు, అదే ఈ నవల బలం” అని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని చాలామందికి చూపించుకున్నాను.

ఆ కుర్రాడు నేనే. ఆ తండ్రి మా నాన్న. ఆ యజమాని ఎం. వరదరాజులు నాయుడు, ఊరందరికీ ఎం.వి., నాకు ఎం.వి. మామ. నవలలో ఆయన గురించి రాసింది నిజం కాదు. రాసేటప్పుడే అది నిజం కాదని నాకు తెలుసు. పోయిన ఏడాది ఎనభై రెండో ఏట ఆయన కన్నుమూశారు. నా నవల చదివినవాళ్లలో ఆయన్ని చూసినవాళ్లు దాదాపు లేరు. వాళ్లకు తెలిసిందల్లా నేను రాసిన మనిషే. కాబట్టి అసలు మనిషిని చూపించవలసిన పని నాదే.

తట్టాంచావడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక రేకుల షెడ్డు, అందులో రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లింగ్ మిషను. అది ఆయన వర్క్‌షాపు. నాన్న అక్కడ టర్నరు. మామ పొట్టి మనిషి, ఖాకీ నిక్కరు, చెవి మీద పెన్సిలు. ఏ మాటనైనా సరే కొలిచి తీరాలన్నది ఆయన పట్టుదల. షెడ్డు ఎదురుగా టీ కొట్టు ఉండేది. వడ సైజు తగ్గిందని పనివాళ్లూ, తగ్గలేదని కొట్టువాడూ వాదించుకుంటుంటే, ఆయన లోపలికి వెళ్లి, వెర్నియర్ కాలిపరు తెచ్చి, కొత్త వడనూ పాత వడనూ పక్కపక్కన పెట్టి కొలిచి చూపించారు.

“పాత వడ యాడ దొరికింది మామా?” అని అడిగాను. అప్పుడు నాకు పదేళ్లు.

“దాచిపెట్టినా. ఇట్లాంటి రోజొకటి వస్తాదని తెలుసు. సాక్షి ఉండాల గదా.”

సాక్షి రాయిలా గట్టిపడిపోయి ఉంది. కొట్టువాడు కూడా నవ్వాడు.

మా ఇళ్లలో తరతరాలుగా తెలుగే మాట్లాడుకుంటాం గానీ చదవడం, రాయడం రాదు. బడి చదువంతా తమిళమే. మామ సంతకం కూడా తమిళంలోనే. నాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే అమ్మ చలవ. అమ్మది నాయుడుపేట. పెళ్లినాటి పెట్టెలో చీరల అడుగున పరిచిన పాత వారపత్రికలు పెట్టి నాకు చదవడం నేర్పింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

ఆదివారాలు మామకూ నాన్నకూ వర్క్‌షాపు ఉండదు, వైట్ టౌన్ మైదానంలో పెటాంక్ ఉంటుంది. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయినా మా పుదుచ్చేరిలో మిగిలిపోయిన ఆట అది. ఒక చిన్న చెక్కగుండును దూరంగా విసురుతారు. ఆ తరువాత ఎవరి ఇనుప గుండు దానికి దగ్గరగా ఆగితే వాళ్లకు పాయింటు. అంతే ఆట. జట్టుకు ముగ్గురు. నాన్న, మామ, మూడో మనిషి లూయీ తాత. ఆయన ఫ్రెంచి పటాలంలో పనిచేసి పింఛనుతో తిరిగొచ్చిన తమిళాయన, మా వాళ్లతో కలిసి కలిసి తెలుగు కూడా తనకు తోచినట్టు మాట్లాడేవారు. ఎవరి గుండు దగ్గరో కంటికి తేలనప్పుడు మామ మోకాళ్ల మీద కూర్చుని జేబులోంచి దారం తీసేవారు. తేలినప్పుడు కూడా తీసేవారు. ఒకసారి అవతలివాళ్లు “మీదే, మీదే” అని ఒప్పేసుకున్నా వినకుండా కొలిచి, గోరంత తేడాలో ఓడిపోయి లేచారు.

“వాళ్లే మనదంటా ఉంటే నీకేందప్పా తొందర?” అని నాన్న విసుక్కున్నాడు.

“వాళ్ల కంటికి మనదిగా ఉండాది తులసీ. దారానికి కాదు.”

నాన్న నుదురు కొట్టుకుని నవ్వాడు. నాన్న నవ్వితే పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయేవాడు. నా నవలలో ఆ నవ్వు కూడా లేదు.

నేను పదో తరగతిలో ఉన్న ఏడాది, తుపాను వానల రోజుల్లో, నన్ను కూడా ఆటకు తీసుకుపొమ్మని నాన్నను అడిగాను. పరీక్షలయ్యాక చూద్దాం అన్నాడు. నేను ఇంకేదో అన్నాను, ఆయన గట్టిగా అరిచాడు. మరునాడు బడి నుంచి రాగానే, అమ్మ పెరట్లో ఉండగా, మూల తగిలించిన నాన్న గుండ్ల సంచి తీసుకుని ఎవరికీ చెప్పకుండా మైదానానికి పోయాను. తుంపర పడుతోంది. ఒక్కడినే విసురుకుంటూ, ఒక్కడినే గెలుచుకుంటూ ఉన్నాను. వాన పెరిగింది. ఆ రోజు వాన చూసి మామ నాలుగింటికే షెడ్డు మూసి అందరినీ ఇళ్లకు పంపేశారు. నాన్న ఇంటికొచ్చాడు. సంచి లేదు, నేనూ లేను. “సంచి యాడ? ఉండు, ఇప్పుడే వస్తా” అని అమ్మతో అని సైకిలెక్కాడు. అమ్మకు తెలిసింది అంతే. మా నటేశన్ నగర్ ఇంటికి కాస్త దూరంలో రోడ్లు కలిసే చోట లారీ గుద్దింది. అక్కడి నుంచి వైట్ టౌన్‌కూ పోవచ్చు, తట్టాంచావడికీ పోవచ్చు. నాన్న ఎటు పోతున్నాడో నాకు తెలుసు. నన్ను వెతుక్కుంటూ వస్తున్నాడు.

ఇంకా వెలుగు ఉండగానే, ప్రమాదం కబురూ అమ్మ నోట సంచి మాటా విని, మామ స్కూటరు మీద మైదానానికి వచ్చారు. నిలువునా తడిసిపోయి ఉన్నారు. నా చేతిలో గుండు చూశారు, నేల మీద సంచి చూశారు. వంగి మిగతా రెండు గుండ్లూ ఏరారు, తడి చొక్కాకే తుడిచారు, సంచిలో వేసి తన భుజానికి తగిలించుకున్నారు.

“ఈ సంచి రెండు రోజులుగా నా షెడ్డులో ఉన్నింది. నువ్వు ఈడికి ఊరికే వచ్చినావు. అర్థమయిందా?”

“ఎందుకు మామా?”

“శరి అను, చాలు.”

“శరి” అన్నాను. ఆ తరువాతే ఆయన నా తల మీద చెయ్యి వేసి నాన్న సంగతి చెప్పారు. ఆసుపత్రి వరండాలో అమ్మతో, “సంచి నా దగ్గరే ఉండిపోయింది సరోజా, వచ్చి తీసుకుపొమ్మని నేనే చెప్పినా” అన్నారు. అప్పుడు అర్థమయింది ఆయన నా చేత శరి అని ఎందుకనిపించారో. అమ్మ ఆయన్ని ఒక్క చూపు చూసింది. “వానలో పిలవకుంటే ఏం పోయుండును అన్నా” అంది. ఆ రోజు తరువాత ఆయనతో మాట్లాడడం మానేసింది.

నెల తిరిగాక ఒక ఆదివారం మామ మా ఇంటి వరండాలోకి వచ్చి నిలబడ్డారు. అమ్మ గుమ్మంలో, ఆయన మెట్టు మీద, మధ్యలో నేను.

“సరోజా, మాకు ఒక మనిషి తక్కువగా ఉండాడు” అన్నారు మామ.

అమ్మ నా వైపు చూసి, “మనిషే పోయినాక ఇంకా ఆట ఏందని అడుగు” అంది.

“ఆట ఏందంట మామా” అన్నాను.

“వినబడింది. ఆమెకి చెప్పు. ఆ చోటు తులసిది. కొడుకు నిలబడకుంటే ఇంకెవణ్నో తెచ్చి నిలబెట్టాల. నాకు ఇష్టం లేదు.”

అమ్మ కొంగు నడుముకు దోపుకుంది. తరువాత, “ఆరు గంటలకు ఇంట్లో ఉండాలని చెప్పు” అంది.

“ఐదున్నరకే వదులుతానని చెప్పు.”

“కాఫీ తాగి పొమ్మని చెప్పు.” ఎంత కోపమున్నా మా ఇంటి మెట్టెక్కిన మనిషి కాఫీ తాగకుండా దిగకూడదు. అది అమ్మ పద్ధతి. ఆమె గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది, నేను ఆయన చేతికిచ్చాను. ఆయన ఒక గుక్క తాగారు.

“చక్కెర తక్కువైందని చెప్పు.”

“తెలిసే వేసినానని చెప్పు.”

నేను అటూ ఇటూ తల తిప్పుతూ నిలబడ్డాను. అమ్మ మాట మానేసి ఎనిమిది నెలలయ్యేదాకా ఇదే వరస. ప్రతి ఆదివారం చక్కెర తక్కువ కాఫీ, ప్రతి ఆదివారం నా చేత ఫిర్యాదు. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ కాఫీ తియ్యనయ్యేది. ఆ మాట ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆ రోజుల్లో నేను మంచి పిల్లవాణ్ని కాదు. బడిలో ఇద్దరి ముక్కులు పగలగొట్టాను. మైదానంలో నాకు వచ్చిన పని ఒకటే, కొట్టడం. అవతలివాడి గుండునే కాదు, మా వాళ్లది కూడా కొట్టి ఎగరగొట్టేవాణ్ని. ఒక గుండు గోడ దాటి పక్క గెస్ట్‌హౌస్ పూలకుండీలో పడింది. లూయీ తాత టోపీ తీసి గుండె మీద పెట్టుకుని, “ఎన్నడా తంబీ, ఏందిరా ఇది, నేను ఇన్నేళ్లు పట్టాళంలో ఉండి ఒక్క పూలకుండీని చంపలేదు” అన్నారు. మామ మాత్రం నా చెయ్యి పట్టుకుని, గుండు వదిలే చోట మణికట్టును కొంచెం వంచి, “కొట్టేదానికి కోపం చాలురా. దగ్గర పెట్టేదానికి చెయ్యి కావాల” అనేవారు. నాన్న దేని కోసం బయల్దేరాడో ఆ గుండే నా చేతిలో ఉందని ఆయనకు తెలుసు. దాన్ని పట్టుకున్నప్పుడల్లా నాకు విసిరి పారేయాలనిపిస్తుందని కూడా తెలిసే ఉంటుంది. అందుకే కాబోలు, ఎన్నిసార్లు పారేసినా ఏరుకొచ్చి మళ్లీ నా చేతిలోనే పెట్టారు.

ఇప్పుడు కుక్క సంగతి. ఒక ఆదివారం అవతలి జట్టులో ముగ్గురూ పింఛనుదారులే, ఇస్త్రీ చొక్కాలు, ఆట మీద మహా పట్టింపు. స్కోరు పన్నెండు పన్నెండు. పదమూడు వచ్చినవాళ్లు గెలుస్తారు. చివరి గుండు నాది. జీవితంలో మొదటిసారి కొట్టకుండా మెల్లగా దొర్లించాను. అది పోయి పోయి చెక్కగుండుకు అరచేతి దూరంలో ఆగింది. అవతలివాళ్ల గుండు కూడా ఇంచుమించు అంతే దూరంలో ఉంది. మామ దారం తీసి వంగబోయారు. ఇంతలో వీధికుక్క ఒకటి చల్లగా నడిచొచ్చి చెక్కగుండును నోట కరుచుకుని పోయింది.

లూయీ తాత టోపీ ఊపుతూ ఫ్రెంచిలో తిట్టుకుంటూ దాని వెనక పరుగెత్తారు. కుక్క మైదానమంతా తిరిగి, మళ్లీ వచ్చి కాస్త అవతల నీడలో పడుకుంది, గుండును రెండు ముందుకాళ్ల మధ్య పెట్టుకుని. ఈ ఆట చెల్లదని పింఛనుదారులు, చెల్లుతుందని లూయీ తాత. ఆ గొడవలో మామ ఎటు పోయారో ఎవరూ చూడలేదు. చూసేసరికి ఆయన నా గుండు దగ్గర దారం ఒక కొస రాయి కింద పెట్టి, రెండో కొస పట్టుకుని కుక్క వైపు వంగి వంగి నడుస్తున్నారు. దారం చాలలేదు. నడుముకున్న మొలతాడు విప్పి దానికి ముడేశారు. అదీ చాలలేదు.

“లూయీ, నీ బెల్టు ఇట్ల ఇయ్యి.”

“యోవ్, నా ప్యాంటు?”

“చేత్తో పట్టుకో. కుక్క లేచేలోపల కొలవాల.”

లూయీ తాత ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని రెండో చేత్తో బెల్టు ఇచ్చారు. మామ ఎంతో గంభీరంగా, దారం, మొలతాడు, బెల్టు కలిపి చాచి, కుక్క ముక్కు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నారు. కుక్క ఆయన చెవి నాకింది. “కదలకుండా ఉండు తల్లీ, ఒక్క నిమిషం” అన్నారు దానితో.

నాకు ఎక్కణ్నుంచో నవ్వొచ్చింది. అప్పటికి ఐదు నెలలు నవ్వలేదు. పొట్ట పట్టుకుని, ముందుకు వంగి, ఊపిరాడక కింద కూర్చుని నవ్వాను. పింఛనుదారులు కూడా నవ్వుతున్నారు. అంతలో నేను నవ్వుతున్నది నాన్నలాగానే అని తెలిసింది. వెంటనే ఏడుపొచ్చింది. గోడ దగ్గరికి పోయి ముఖం తిప్పుకున్నాను. మామ బెల్టు తిరిగిచ్చేసి నా పక్కన వచ్చి కూర్చున్నారు.

“నేను నవ్వకూడదు మామా” అన్నాను.

“ఎవురు చెప్పినారు?”

“నాన్న నా కోసమే గదా వచ్చినాడు.”

ఆ మాట నేను పైకి అన్నది అదొక్కసారే. ఆయన కాసేపు దారం చుట్టుకుంటూ ఉన్నారు.

“నీ కోసం వచ్చినాడు. నిజం. వచ్చుంటే చెవి మెలేసుండును. ఆ వెనకాలే ఒక ఆట ఆడదాం రా అనుండును. వాడు నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. ఈ కుక్కను చూసుంటే వాడే ముందు కింద పడి దొర్లుండును. వాడు నవ్వాల్సింది నువ్వు నవ్వినావు. దానికెందుకు ఏడుస్తావు?” అని, లేచి, “కొలత ప్రకారం పాయింటు మనదే. కుక్కను అడిగినా” అన్నారు.

పదో తరగతి పాసయ్యాను. ఆ సాయంత్రం మామ మెట్టు మీద నిలబడితే అమ్మ నా వైపు చూడలేదు. “లోపలికి రండి అన్నా” అంది. కాఫీలో చక్కెర సరిపోయింది. ఆ తరువాత ముప్పై ఏళ్లకు పైగా వాళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లలాగానే ఉన్నారు. కానీ అమ్మ క్షమించింది ఆయన చెయ్యని తప్పును. అది నాకు తెలుసు, ఆయనకు తెలుసు, ఆమెకు తెలియదు.

మరి నవలలో అలా ఎందుకు రాశాను? రాసేటప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్లు. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం, పిల్లలు, కళ్లద్దాలు. అయినా కలం పట్టుకుంటే పదిహేనేళ్ల వాడే రాశాడు. నా వల్ల జరిగింది అన్న మాట ఆ వయసులో ఎవరూ మొయ్యలేరు. ఎవరి మీదైనా దించాలి. మామ అప్పుడు తన భుజం చూపించారు, నేను దించాను. అంతవరకు పిల్లవాడి తప్పు. నలభై ఎనిమిదేళ్లప్పుడు తిరిగి తీసుకోవలసిన బరువును తీసుకోకపోగా, దాన్ని అచ్చువేయించాను. మా ఊళ్లో తెలుగు చదవగలిగేవాళ్లు ఎందరున్నారులే అనే ధైర్యం కూడా ఉంది. అమ్మకు అప్పటికే కంటిచూపు తగ్గింది. అడిగితే ఏదో కథ అన్నాను.

నవల వచ్చిన ఏడాదిలోపే మామ లైబ్రరీకి వచ్చారు. చేతికర్ర, చొక్కా జేబులో అదే దారం.

“పుస్తకం రాసినావంటనే. పెండ్లిలో నెల్లూరోళ్లు చెప్పినారు. అందులో నేను విలన్ అంట.” ముఖం వెలిగిపోతోంది. “ఈ వయసులో ఇంత పేరొస్తాదనుకోలే. నాకు చదివేదానికి రాదు గదా. నువ్వే చదివి వినిపించు.”

తప్పించుకునే దారి లేదు. రోజూ సాయంత్రం ఐదింటికి మైదానం పక్క బెంచీ మీద చదవడం మొదలుపెట్టాను. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. మధ్యలో, “లేత్‌కు ఆ చప్పుడు రాదురా, అది డ్రిల్లింగ్‌ది” అనేవారు. “యజమానికి మీసం పెట్టినావు, బాగుండాది, నాకు ఎప్పుడూ సరిగ్గా రాలే” అనేవారు. పన్నెండో రోజు ఆ వాన వచ్చింది. సంచి ఉన్న పేజీలు దాటేసి, ఏమీ కానట్టు అవతలి అధ్యాయం అందుకున్నాను.

“ఆగు” అన్నారు మామ, కళ్లు తెరవకుండానే పుస్తకం మీద బొటనవేలు పెట్టి. “రెండు కాయితాలు ఒకటిగా తిప్పినావు. నాకు అక్షరం రాదు గానీ, మందం తెలుస్తాది.”

వెనక్కి తిప్పి చదివాను. ఒక్క వాక్యం వదలకుండా చివరిదాకా చదివాను. చదివాక నేల చూస్తూ కూర్చున్నాను.

“వాన బాగా రాసినావు” అన్నారాయన.

“తప్పు చేసినా మామా.”

“నేను చెప్పిన అబద్ధమే గదా. నేను నోటితో చెప్పినా, నువ్వు అచ్చేసినావు. మీ అమ్మకు చెప్పినావా?”

“లేదు.”

“మరి నా దగ్గర తల వంచుకుంటే ఏం లాభం? నాకు తెలిసిన సంగతే. శరి, మిగతాది చదువు.”

ఇంకో వారం పట్టింది. చివరి పేజీ అయిపోయింది. పుస్తకం మూశాను. ఆయన ఇంకా ఏదో వస్తుందన్నట్టు చూస్తున్నారు.

“అయిపోయిందా? మరి కుక్క యాడ?”

“ఏ కుక్క?”

“ఏ కుక్కంట. ఇన్ని రోజులుగా ఓపిగ్గా కూచోనుండా, ఇప్పుడొస్తాది, ఇప్పుడొస్తాది అని. లూయీ ప్యాంటు యాడ? పూలకుండీ యాడ?” ఆయన ముఖంలో కోపం చూసింది నేను అప్పుడే. “నన్ను విలన్ చేస్తే చేసినావు. ఆ పిల్లోణ్ని ఒక్క తూరి కూడా నవ్వనియ్యవేందిరా? పాపం గదా వాడు.”

“నవ్వితే దుఃఖం తక్కువైనట్టు కనబడుతుందనుకున్నాను మామా.”

“ఎవురు కొలిచినారు?” అన్నారు.

ఆ ఏడాది నేను ఎంత ఏడ్చానో అంత నవ్వాను. పోయినవాడికి అన్యాయం అనుకుని ఆ నవ్వు దాచాను. దాన్ని దాచడమే నాన్నకు చేసిన అన్యాయం. నాన్న నాకు ఇచ్చిపోయిన నవ్వది.

మరుసటి ఆదివారం మామను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మకు మొత్తం చెప్పాను. సంచి ఎవరు తీశారు, నాన్న ఎటు పోతున్నాడు, మైదానంలో మామ నాతో ఏమన్నారు, నవలలో నేనేం రాశాను, అన్నీ. అమ్మ చేటలో బియ్యం కదపకుండా వింది.

“అప్పుడే చెప్పుంటే నిన్ను నేనేమన్నా అందునా?” అంది చివరికి.

“అందువేమో అమ్మా.”

అమ్మ బియ్యంలో వేళ్లు పెట్టి ఒక రాయి ఏరి పారేసింది. “అందునేమో” అంది. తరువాత మామ వైపు ఒక చూపు చూసి, తల నా వైపు తిప్పింది.

“శేఖరా, ఆయనకు చెప్పు. నా చేత ఎనిమిది నెలలు ఊరికే మాట మాన్పించినాడు. ఇంక ఈ ఇంట్లో ఆయనతో నేరుగా మాట లేదని చెప్పు.”

మామ కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. “ఎన్నాళ్లంట?”

“ఎనిమిది నెలలే. ఒక్క రోజు ఎక్కువ లేదు, తక్కువ లేదు.”

“న్యాయంగా ఉండాదని చెప్పు. నా జీవితంలో కొలవకుండా చెప్పింది ఆ ఒక్కసారేనని కూడా చెప్పు. మరి కాఫీ?”

“కాఫీ వేరే సంగతి” అని అమ్మ లోపలికి పోయింది. గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది, నేను ఆయన చేతికిచ్చాను. ఆయన ఒక గుక్క తాగి, కళ్లు మూసుకున్నారు. నేను ఫిర్యాదు కోసం చూస్తున్నాను. ఆయన మిగతాదంతా మెల్లగా తాగేసి, ఖాళీ గ్లాసు వంచి నాకు చూపించారు. అడుగున కరగని చక్కెర ఉంది.

ఎనిమిది నెలలూ అమ్మ మాట తప్పలేదు. డెబ్బై దాటిన ఆమె, ఎనభై నిండిన ఆయన, మధ్యలో తల నెరిసిన నేను అటూ ఇటూ తిరుగుతూ. మా పిల్లలు ఆదివారం కోసం కాచుకుని ఉండేవాళ్లు. లెక్క తీరిన రోజున అమ్మ గుమ్మంలోకి వచ్చి, “లోపలికి రండి అన్నా” అంది. అప్పటికే మామకు మెట్టెక్కడం కష్టమైంది. ఆ తరువాత కొన్నాళ్లకే దారం నా జేబులో పెట్టారు. “ముడి ఒకటి ఉండాది, విప్పబాక. కుక్క నాటిది” అన్నారు. నవల మళ్లీ అచ్చయితే ఆ రెండు కాయితాలూ మారుస్తాను, కుక్కకూ చోటిస్తాను. అచ్చవకపోతే, నవల చదివినవాళ్లు ఇది కూడా చదవాలని నా కోరిక.

నిన్న సాయంత్రం సైకిలు గోడకు ఆనించి లోపలికి పోయాను. మైదానంలో ఒక మనిషి తక్కువగా ఉన్నాడు, నన్ను కలుపుకున్నారు. చివరి గుండు నాదే, మెల్లగా దొర్లించాను. “మీదే సార్” అన్నారు అవతలి కుర్రాళ్లు. కంటికి నాదిగానే ఉంది. మోకాళ్లు నొప్పులు పెడుతున్నా కూర్చుని దారం చాచాను. గోరంత తేడా. “మీదేనయ్యా” అన్నాను. వాళ్లు నమ్మలేనట్టు ముఖాలు చూసుకున్నారు. లేవబోతుంటే నీడలో పడుకున్న వీధికుక్క ఒకటి తలెత్తి ఇటే చూస్తోంది. చెక్కగుండును తీసి, దారంతోపాటు జేబులో వేసుకున్నాను.